రేవులో ఎడంచేతివాటం మనిషి

"సూడరా, మీ నాన్నే!" అనేది అమ్మ, ఆ సీను పెట్టినప్పుడల్లా. అది ‘పెద్దలకు మాత్రమే’ అని వేసిన జపాన్ బొమ్మల సినిమా. హీరోయిన్ కాలంలో వెనక్కి, రాజుల నాటి కళింగ రేవుకి వెళ్తుంది. అక్కడ గుంపులో ఒకడు, అచ్చం మా నాన్నలాగే, ఎడంచేత్తో వల అల్లుతుంటాడు.

"గీసిన బొమ్మమ్మా," అని విసుక్కునేవాణ్ణి.

నాన్న భావనపాడు నుంచి సముద్రంలో చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. ఆ బొమ్మని నమ్ముకుని అమ్మ కర్మ చెయ్యనివ్వలేదు. చివరికి ఈరోజు ఊరివాళ్లే పట్టుబట్టి చేయించారు. నేను గుండుతో సముద్రంలో పిండం వదిలాను. అమ్మ గాజులు పగలగొట్టారు.

ఇంటికి రాగానే అమ్మ మళ్లీ ఆ సీనే పెట్టింది.

ఈసారి తెరమీద వల ఒడ్డున పడి ఉంది. ఆ మనిషి గుండు చేయించుకుని మోకాలిలోతు నీళ్లలో నిలబడ్డాడు. చేతిలో రెండు పిండాలు.

"ఒకటి నాకు, ఒకటి నీకు," అంది అమ్మ. "మీ నాన్న లెక్కలో సచ్చిపోయినది మనమేరా."