వంద కోట్లలో ఒక వంతు

వరాహ నది పొంగి నర్సీపట్నం రోడ్లు మూడు రోజులు మునిగిన ఏడాది అది.

గొలుగొండ రోడ్డులో సూర్యప్రకాష్‌కి తెల్లరాళ్ళ యార్డు ఉంది. అక్కడ రాయి ఏరడంలో లోవరాజుది అందె వేసిన చెయ్యి. ప్రతి రాయినీ ఉంగరమున్న వేలితో తట్టి చెవి పెడతాడు. టింగుమంటే మంచిది. టప్పుమంటే లోపల పగులున్నట్టు. పక్కనే భార్య తలుపులమ్మ. ఆమె కంటితో చూసే ఏరుతుంది.

ఆ ఏడు కంప్యూటర్ చిప్పుల తయారీకి ఈ రాయితో గాజు చేసే కంపెనీ ఒకటి బేరానికొచ్చింది. రాయి మహా శుద్ధంగా ఉండాలంది. నమూనా పట్టుకెళ్ళి, అణు రియాక్టరులో పెట్టి న్యూట్రాన్లతో కొట్టించింది. అలా కొడితే రాయిలో దాగిన ప్రతి లోహమూ తన ఆనవాలు తనే బయటపెడుతుందట. వంద కోట్లలో ఒక వంతున్నా దొరికిపోతుందట.

రిపోర్టు వచ్చింది. రాయిలో బంగారం ఉంది.

యార్డంతా పండగ. ఆ రాయి దొరికే కొండ మొత్తం లీజుకి తీసుకుంటానని సూర్యప్రకాష్ అందరికీ టీలు తాగించాడు. సాయంత్రానికి కంపెనీ నుంచి ఫోను.

"మాకు బంగారం అక్కర్లేదండీ, రాయి కావాలి. ఇంకోసారి కనబడితే బేరం లేదు."

బేరం పోతే యార్డు మూతే. ఒకరిది కాకపోతే ఒకరిదైనా నెగ్గుతుందని, ఈసారి మొగుడూ పెళ్ళాలు ఏరిన రాళ్ళు విడివిడిగా పంపారు.

ఈలోగా నక్కపల్లి నుంచి కబురు. తలుపులమ్మ తండ్రి మంగరాజు మంచం పట్టాడు, అల్లుణ్ణి చూడాలంటున్నాడు.

"ఒక్కపాలి వచ్చి సూడు. ముప్పయ్యేళ్ళయింది," అంది తలుపులమ్మ.

"పెళ్ళిపీటల మీదే మోసం సేసినోడి గుమ్మం నాను తొక్కను," అన్నాడు లోవరాజు. ఆ ఏడంతా అతను అన్న పెద్ద మాట అదే.

రిపోర్టులొచ్చాయి. తలుపులమ్మ రాయి కడిగిన ముత్యం. లారీలు పంపుతామంది కంపెనీ. లోవరాజు రాయిలో మాత్రం మళ్ళీ బంగారమే.

"ఇద్దరూ ఏరింది ఒకే కుప్ప గదా. నీ సేతిలో ఏటుంది, లోవరాజూ?" అని నవ్వాడు సూర్యప్రకాష్.

లోవరాజు చెయ్యి చూసుకున్నాడు. ఆ పూట ఇంక ఏ రాయినీ తట్టలేదు.

మర్నాడు తెల్లారగానే నక్కపల్లి బస్సెక్కి, మావగారి కాళ్ళ దగ్గర కూర్చుని, తన పెళ్ళిలో ఆయన పెట్టింది గిల్టుదనుకుని ముప్పయ్యేళ్ళుగా రాళ్ళు తట్టడానికే వాడిన ఉంగరాన్ని తీసి కళ్ళకద్దుకున్నాడు.