టేపులో పంపిన ఓట్లు

పోలింగు మొదలై గంటన్నా కాలేదు. బడి ముందు బస్సు ఆగింది. ఒక ముసలి సాయెబు దిగాడు.

చంకలో తువ్వాల చుట్టిన టేప్‌రికార్డరు.

"ఈదమ్మ అంటే ఎవలు బిడ్డా?"

వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళు కుండ గుర్తు మీద సర్పంచికి పోటీ చేస్తున్న ఈదమ్మను చూపించారు.

ఆమె అప్పటికే బస్సు దగ్గరికి పరుగెత్తి, లోపలికి తొంగి చూస్తోంది. కొడుకు సోమన్నతో కలిపి ఆమె వాడకట్టు మొగపిల్లలు ఏడుగురు మహారాష్ట్రలో సొరంగం పనికి పోయారు. ఒక్కరోజు వచ్చి ఓటేసి పొమ్మని ఉత్తరం రాయించింది. ఆ ఊళ్ళో గెలుపైనా ఓటమైనా ఐదారు ఓట్ల మీదే.

ఏడుగురిలో ఒక్కడూ దిగలేదు.

"నేనే ఈదమ్మను. మా పోరగాండ్లేరి?"

సాయెబు ఆమె మొహం చూసి తల దించుకున్నాడు.

"ఓట్లు పంపిండ్రమ్మా."

"ఓట్లు పంపుడేంది?"

"మేస్త్రి సెలవియ్యలే. గీ టేపుల చెప్పి పంపిండ్రు. ఏడుగురి గొంతులున్నయి. ముందుగాల సారుకు ఇనిపిద్దాం. తర్వాత నీతోని ఒక ముచ్చటున్నది."

"ముచ్చట తర్వాత. నడు, నడు!"

దుబాయి పోయినవాళ్ళు క్యాసెట్లలో మాటలు పంపుతారని ఈదమ్మకు తెలుసు. మాట వచ్చినప్పుడు ఓటెందుకు రాదు?

పోలింగు ఆఫీసరు ముందు సాయెబు మీట నొక్కాడు.

"నేను జానయ్యను. మా నాయిన భిక్షం. నా ఓటు కుండ గుర్తుకు."

గది గొల్లున నవ్వింది.

అవతలి అభ్యర్థి లక్ష్మీనర్సమ్మ మొగుడు బక్కయ్య, ఆమె ఏజెంటుగా అక్కడే కూర్చున్నాడు.

"సారూ, ఏలికి సిరా పెట్టాలె గద? మీట మీద పెడ్తరా, వైరు మీద పెడ్తరా?"

వరుసంతా పడీ పడీ నవ్వింది.

టేపు తిరుగుతూనే ఉంది. ఆఖరి గొంతు సోమన్నది.

"అమ్మా, నా ఓటు కుండకే. గెలిస్తే మన వాడకట్టుకు బోరింగు ఏపియ్యి. ఓడితే ఏడ్వకు."

"ఏడ్వకు బిడ్డా, ఏడ్వకు!" అని బక్కయ్య ఆ గొంతునే అనుకరించాడు.

ఆఫీసరు నవ్వు ఆపుకున్నాడు. "అమ్మా, ఓటుకు మనిషి రావాలి. గొంతు వస్తే చెల్లదు."

"వాళ్ళు రాలేరు సార్," అన్నాడు సాయెబు.

"రాలేకపోతే ఓటు లేనట్టే."

"ఒట్టిగనన్న రాసుకోండ్రి సార్. నేను మాటిచ్చి వచ్చిన."

"కుండ పగిలిందిరో!" అని బక్కయ్య చప్పట్లు కొట్టాడు.

ఈదమ్మకు తల కొట్టేసినట్టయింది. టేప్‌రికార్డరు లాక్కుని బయటికొచ్చింది. క్యాసెట్టు తీసింది. లోపలి రీలు పట్టి మూరలకు మూరలు గుంజింది.

"వద్దు తల్లీ!" సాయెబు మొదటిసారి గొంతెత్తాడు.

ఆమె దాన్ని కాలికింద వేసి నలిపింది.

"కన్నతల్లి కోసం ఒక్కరోజు రానోడు కొడుకా? ఏడుగురు వల్లకాట్ల గలువ!"

దుమ్ములో వంగి రీలు ఏరుకుంటున్న సాయెబు చేతులు ఆగిపోయాయి.

ఆమెను చూశాడు. పెదవులు కదిలాయి.

"ఏంది గుడ్లప్పగించి సూస్తున్నవ్? వాళ్ళు నన్ను నవ్వులపాలు జెయ్య పంపితే సంబరంగ మోసుకొచ్చినవ్. ఫో!"

గేటు దగ్గరి పోలీసు అతని రెక్క పట్టి రోడ్డు అవతల వదిలాడు. మధ్యాహ్నం దాకా సాయెబు అక్కడే ఎండలో కూర్చున్నాడు. ఓటేసి వస్తున్న ఈదమ్మ వాడకట్టు అమృతమ్మ చెంబుతో నీళ్ళిస్తే తాగాడు.

"ఏదో ముచ్చటున్నదంటివి. నాకు జెప్పు," అందామె.

"తల్లికి జెప్పాల్సింది తల్లికే జెప్పాలె అక్కా."

మూడింటికి లెక్క తేలింది. ఈదమ్మ నాలుగు ఓట్లతో ఓడింది.

బక్కయ్య వాళ్ళు డప్పులతో ఆమె గడప ముందే ఆగి ఒక కుండ పగలగొట్టి పోయారు.

ఆ గుంపు పోయాక సాయెబు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"అమ్మా, జర ఇను..."

ఈదమ్మ అతని ముందు ఉమ్మి తలుపేసుకుంది.

అతను సాయంత్రం బస్సుకు పోయాడు.

మర్నాడు పొద్దున అచ్చంపేట నుంచి ఒక కానిస్టేబులు సైకిలు మీద వచ్చాడు. చేతిలో కాగితం. వాడకట్టంతా పోగైంది.

"సొరంగం గూలింది. మీ ఏడుగురూ పోయిండ్రు. ఆదివారం నాడు."

"అబద్ధం!" అంది ఈదమ్మ. "నిన్ననే నా కొడుకు గొంతు ఇన్న!"

"అది శనివారం నింపిండ్రట. రాత్రి ఒక ముసలి సాయెబు మా స్టేషనుకొచ్చి జెప్పిండు. పేరు పీర్ మహమ్మద్. సొరంగం కాడ వాళ్ళకు వంట జేసేటోడు. సచ్చిండ్రని తెలిస్తే పేర్లు కొట్టేస్తరని, ఓట్లు పడేదాంక చెప్పొద్దనుకున్నడట. తర్వాత చెప్పబోతే తల్లి ఇనలేదట."

ఎవరూ ఏడవలేదు. ఇంకా ఎవరికీ ఏడుపు అందలేదు.

"మేస్త్రి పారిపోయిండు. ఆ ముసలాయనే తవ్వి తీసిండట," అన్నాడు కానిస్టేబులు.

ఈదమ్మ గోడ పట్టుకుని మెల్లగా కూలబడింది.

"నా కొడుక్కు కొరివి... ఎవలు పెట్టిండ్రు?"

కానిస్టేబులు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అయినోళ్ళు ఎవలూ లేకపోతే, ఆ సాయెబే తలగుడ్డ తీసి పక్కన బెట్టి, నా కొడుకే అని జెప్పి పెట్టిండట."