ఆ వెయ్యి రూపాయలు

"పన్నెండు వేలకి ఒక్క రూపాయి తగ్గదండీ," అన్నాడు ఫణీంద్ర.

అతని పాత ఎలక్ట్రిక్ గిటార్ కొందామని ఘాజియాబాద్ నుంచి వచ్చిన హారిక దాన్ని తిప్పి చూసింది. "మెడ మీది ఈ ఫ్రెట్ కడ్డీలు బాగా అరిగాయి. వెయ్యి తగ్గించండి. యాంప్లిఫయర్ పెడితే సౌండ్ వింటాను."

"అది కొనలేదండీ. ఈ పీజీలో చప్పుడు చెయ్యనివ్వరు. చెక్కకి దవడ ఆనించి వాయిస్తే నాకొక్కడికి వినబడేది."

"ఈ లక్ష్మీ నగర్ పీజీకి వచ్చి ఎన్నాళ్లయింది?"

"ఆరేళ్లు."

హారిక బ్యాగులోంచి తన చిన్న యాంప్లిఫయర్ తీసి తగిలించింది. ఒక్క తీగ మీటగానే గదంతా మోగింది. ఫణీంద్ర ఉలిక్కిపడి తలుపు వంక చూశాడు.

ఎవరూ రాలేదు.

"ఠీక్ హై, పన్నెండుకే తీసుకుంటా," అంది హారిక.

"వద్దు, ఆ వెయ్యి తగ్గిస్తాను," అన్నాడతను గిటార్ అందుకుంటూ. "ఒక్క పాట విని వెళ్తారా?"