దెబ్బ యాడ తగిలింది?

“మీరు మనుషులేనా? మా ఆయన్ని ఏం జేసినారో సూడండి!”

పొద్దున ఏడు గంటలకు, పంచాయతీ ఆఫీసు అరుగు మీద టీ తాగుతున్న పెద్దమనుషుల మధ్యకు ఈ మాట వచ్చి పడింది. మాట వెనకే పార్వతమ్మ వచ్చింది. ఆమె వెనక మొగుడు ఎర్రిస్వామి. తల నుంచి గడ్డం దాకా తువ్వాలు చుట్టుకున్నాడు. కళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు. పార్వతమ్మ చీర కొంగున ఏదో మూట కట్టి ఉంది.

ముందురోజే కైరుప్పలలో పిడకల సమరం అయింది. ఏటా ఉగాది మరునాడు ఊరు రెండుగా చీలుతుంది. స్వామి వర్గం ఒకటి, అమ్మవారి వర్గం ఒకటి. పిడకలతో కొట్టుకుంటారు. దెబ్బ తగిలినవాడు గుడికి పోయి విభూది పూయించుకుని, ఇంటికెళ్ళి కడుపు నిండా తిని పడుకుంటాడు. కోపాలుండవు. కేసులుండవు. పెళ్ళాలు వచ్చి నిలదీయడం అసలే ఉండదు.

స్వామి వర్గం పెద్ద కాశప్ప గ్లాసు కింద పెట్టాడు. పెద్దమనుషులంటే ఇంతే. ఊరికి కష్టమొస్తే కుర్చీ వెతుక్కుంటారు. తమ మీదికొస్తే పక్కవాణ్ణి చూపిస్తారు.

“ఎర్రిస్వామి మా వర్గమోడు గదా సెల్లెమ్మా. మా మనిషిని మేమే కొట్టుకుంటామా? ఆ అడిగేదేదో వీరేషును అడుగు.”

అమ్మవారి వర్గం పెద్ద వీరేష్ దిగ్గున లేచాడు.

“మా మీదికి తోస్తాండావేంది కాశప్పన్నా? ఎర్రిస్వామి మామ గుండెకు బళ్ళారిలో స్టంటు ఏసినారని మాకు తెల్దా? ఆయన దిక్కు సెయ్యి లేపొద్దని మా వాళ్ళకు మూడు తూర్లు సెప్పినా.”

“మేము మాత్రం ఊరకున్నామా? నలుగుర్ని ఆయనకు అడ్డం నిలబెట్టినాం!”

పార్వతమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. “ఓహో! అయితే ఇద్దరూ కలిసే చేసినారన్నమాట!”

వీరేష్ మెల్లగా అరుగు దిగి ఎర్రిస్వామి దగ్గరికి వచ్చాడు.

“దెబ్బ యాడ తగిలింది మామా?”

ఎర్రిస్వామి మొహం పక్కకు తిప్పుకున్నాడు. పార్వతమ్మే మొగుడి గుండె మీద అరచెయ్యి పెట్టింది.

“ఈడ.”

అరుగంతా చల్లబడిపోయింది. సరిగ్గా స్టంటు ఉన్న చోటు. ఈ ముసలాయనకు ఏమన్నా అయితే పోలీసులొస్తారు. పోలీసులొస్తే వచ్చే ఏడు సమరం ఉండదు. కాశప్ప లెక్కలన్నీ కళ్ళలోనే కనిపిస్తున్నాయి.

“నలభై ఏండ్లాయ ఈ మనిషి పిడకల్లోకి దిగబట్టి,” అంది పార్వతమ్మ. “ఇట్లాంటి దెబ్బ ఎన్నడూ తినలే. నిన్న అందరూ గుడికి పోయి విభూది పూయించుకున్యారు. ఈయనొక్కడు తలొంచుకోని ఇంటికొచ్చినాడు. అన్నం ముట్టలే. మాత్ర మింగలే. గోడ దిక్కు తిరుక్కోని పండుకున్యాడు. ‘నేనింక ఈ ఊర్లో లేనట్టేనే’ అంటాండాడు.”

“అంత గట్టిగా తగిలిందా?”

“ఇంతకంటే గట్టిగా ఇంకేం తగలల్ల కాశప్పన్నా?”

పండగ వీడియో తీయడానికి ఆదోని నుంచి వచ్చిన జావీద్ అక్కడే ఉన్నాడు. “తగువెందుకన్నా, నా ఫోన్లో ఉంటాది, సూద్దాం,” అన్నాడు. తలలన్నీ ఫోన్ మీదికి వంగాయి.

డప్పులు. ఈలలు. ఎర్రిస్వామి పంచె ఎగ్గట్టి, చొక్కా లేకుండా, మీసం మెలేసుకుంటూ బజారు నడుమ నిలబడి ఉన్నాడు. ‘రాండ్రా!’ అని అరుస్తున్నాడు. పిడకలు ఆయన తల మీదుగా పోతున్నాయి. అంతలో దుమ్ము లేచింది. దుమ్ములో నలుగురి వీపులు. అంతే.

“ఈ దుమ్ములోనే తగిలింటాది,” అన్నాడు జావీద్.

“ఆడనే! ఆడనే అయిపోయింది మా ఆయన పని!” పార్వతమ్మ ఫోన్ మీద వేలు పెట్టి చూపించింది. ఎర్రిస్వామి తువ్వాలు అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఏడిస్తే గానీ పెద్దమనుషులు కదలరు. ఇప్పుడు కదిలారు.

“కేసు గీసు వద్దు సెల్లెమ్మా,” అన్నాడు కాశప్ప. “కారు పెడతాం. ఇప్పుడే ఆదోనికి పోయి గుండె డాక్టరుకు సూపిద్దాం.”

“డాక్టరు ఏం జేస్తాడు? మీరు చేసిన పని మీరే సరిచెయ్యల్ల.”

“ఊరి ముందర తప్పు ఒప్పుకుంటాం అత్తా,” అన్నాడు వీరేష్.

“మీ ఒప్పుకోలు ఎవురికి కావల్ల?”

“మరేం జెయ్యమంటావో సెప్పు తల్లీ!” అన్నాడు కాశప్ప.

పార్వతమ్మ కొంగు ముడి విప్పింది. లోపల ఒక పిడక. బాగా ఎండినది, అంచు కూడా విరగనిది. వేళ్ళ అచ్చులు అయిదూ అట్లాగే ఉన్నాయి.

“అమ్మో, సాక్ష్యం తెచ్చింది,” జావీద్ ఫోన్ ఎత్తాడు.

“మీదేనా?” కాశప్ప గొణిగాడు.

“మాది గాదు. మీదే అయింటాది,” వీరేష్ గొణిగాడు.

మళ్ళీ మొదలు. అందరి కళ్ళూ పిడక మీదే. ఎర్రిస్వామి తువ్వాలు విప్పి, మడిచి, అరుగు మీద పెట్టడం ఎవరూ చూడలేదు. ఆయన బజారు నడుమకు నడిచి నిలబడ్డాడు. చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పుతున్నాడు.

పార్వతమ్మ ఆ పిడకను తీసుకుపోయి వీరేష్ చేతిలో పెట్టింది.

“నిన్న మీరు రెండు దిక్కులోళ్ళూ కలిసి ఒక్క పిడకన్నా తగలనియ్యకుండా ఈ మనిషిని ముసలోన్ని జేసి ఇంటికి పంపించినారు గదా, ఇదో, ఇది పట్టుకోని ఇప్పుడే, ఈడనే, మా ఆయన్ని సూసి ఒకటి కొట్టు!”