చిటికెన వేలు

"ఆయన్నెవరు పిలవమన్నారు?" టేపు చుడుతున్న భార్య చేతిలోంచి వేళ్లు లాక్కుంటూ అడిగాడతను.

"ఎవర్ని?"

"అదే, ఆ డ్రిల్లు మాస్టార్ని. నాకు జ్ఞాపిక ఇవ్వడానికి వచ్చాడట."

"మీ క్లబ్బువాళ్లే పిలిచారు. మీరు గెలిచిన మొదటి ఫైనల్లో అవతల ఆడిన మనిషి చేతుల మీదుగా ఇప్పిస్తే ముచ్చటగా ఉంటుందన్నారు. కదలకండి. ఈ చిటికెన వేలొకటి నా ప్రాణానికి! కుక్క తోకలా ఎంత చుట్టినా వంకరే."

అతను చెయ్యి మళ్లీ ఆమె ఒళ్లో పెట్టాడు. పందొమ్మిదేళ్లుగా చొక్కా తగిలించిన మేకు ఎదురుగా ఉంది. దాని చుట్టూ సున్నం గుండ్రంగా అరిగిపోయి ఉంది. అవతల హాలు నిండుతున్న చప్పుడు తలుపు కింది సందులోంచి వినిపిస్తోంది. ఇంకో అరగంటలో అతని ఆఖరి వాలీబాల్ ఆట.

నెట్ మధ్యలో నిలబడి, ఎదుటివాడు కొట్టే బంతికి అడ్డంగా లేవడం అతని పని. బంతి కుడికి పోతే కుడికి, ఎడమకి పోతే ఎడమకి పరుగు. పదిసార్లు ఎగిరితే ఎనిమిదిసార్లు చేతికి గాలే తగిలేది. అయినా జనం ముద్దుగా 'గోడ' అని పేరు పెట్టుకున్నారు. మోకాళ్లు అరిగాయి గానీ ఆ పేరు అరగలేదు.

ఆ పేరు పుట్టింది ఆ మొదటి ఫైనల్లోనే. ఆఖరి పాయింటు. అవతలి జట్టులో పిడుగులా కొట్టే కుర్రాడు గాల్లోకి లేచాడు. బంతి ఇతని చేతుల పక్కనుంచి దూసుకుపోయి గీత బయట పడింది. అడ్డుకునేవాడి వేలికి తగిలి బయట పడితే పాయింటు కొట్టినవాడిది. తగలకపోతే అడ్డుకున్నవాడిది. రెఫరీ ఇతని మొహంలోకి చూశాడు. తగల్లేదని ఇతను తల అడ్డంగా ఊపాడు.

తగిలింది.

ఈల మోగింది. కప్పు ఇటొచ్చింది. మర్నాడు క్లబ్బు ఇతన్ని పిలిచి కాగితాల మీద సంతకం పెట్టించుకుంది. ఆ కుర్రాడికేమో 'బయటికి కొట్టినవాడు' అన్న పేరు అంటుకుంది. ఏ క్లబ్బూ పిలవలేదు. చివరికి ఒక బళ్లో డ్రిల్లు మాస్టారయ్యాడు.

ఆ రోజు ఆటయ్యాక నెట్ కింద వరుసగా చేతులు కలుపుకున్నారు. అందరూ గట్టిగా పట్టి ఊపారు. ఆ కుర్రాడొక్కడే, పట్టుకుంటే మైల అన్నట్టు, అంటీ ముట్టకుండా తాకి వెళ్లిపోయాడు. తరవాత ఎన్ని కప్పులెత్తినా, ఎందరి చేతులు కలిపినా, అరచేతిలో మిగిలిపోయింది ఆ తాకుడే.

తలుపు చప్పుడైంది.

"రావచ్చా గురూ? గోడలకి చెవులుంటాయంటారు. ఈ గోడకి నన్ను గుర్తుపట్టే కళ్లున్నాయో లేదో చూద్దామని వచ్చా."

డ్రిల్లు మాస్టారే. జుట్టు నెరిసింది. మెడలో ఈల అలాగే వేలాడుతోంది, తీసిరావడం మరిచిపోయినట్టున్నాడు.

"కూర్చోండి అన్నయ్యగారూ," అంది భార్య.

"కూర్చుంటే లేవడం కష్టమమ్మా. మీ ఆయన మోకాళ్లూ నా మోకాళ్లూ ఒక ఈడువే."

"బళ్లో వాలీబాలే నేర్పుతున్నారా?" అతను ఏదో ఒకటి అడగాలని అడిగాడు.

"ఆఁ. బంతి గీత లోపల కొట్టండ్రా అంటాను. వెనక నుంచి ఒక వెధవ, 'మీరు కొట్టారా సార్?' అంటాడు. ఎవడో వాళ్లింట్లో చెప్పేసుంటాడు." మాస్టారు పకపకా నవ్వాడు.

ఆ నవ్వులో ఎక్కడా ముల్లు లేదు. అదే అతనికి ముల్లులా గుచ్చుకుంది.

"మాస్టారూ, మీరు బయటికి కొట్టలేదు. ఆ బంతి నాకు తగిలింది." కుడిచెయ్యి ముందుకు చాపాడు. "ఈ వేలికే. ఎముక కూడా విరిగింది. ఇవాళ మైకు చేతికివ్వగానే అందరి ముందూ చెప్పేస్తాను."

భార్య చేతిలోంచి టేపు చుట్ట జారి దొర్లుకుంటూ పోయింది. "కారు తలుపు సందులో పడిందన్నారు కదండీ నాతో!"

"నీకూ అబద్ధమే చెప్పాను."

మాస్టారు వంగి టేపు చుట్ట అందుకున్నాడు. బల్ల మీద అతని పక్కనే కూర్చుని, ఆ వంకర వేలికి సగం చుట్టిన టేపు విప్పాడు.

"దీన్ని ఒంటరిగా చుడితే నిలవదమ్మా. పక్కవేలితో జత కట్టాలి, ఇదిగో ఇలా." రెండు వేళ్లూ దగ్గర చేర్చి నిదానంగా చుట్టసాగాడు. "చెప్పు గురూ, మైకులో చెప్పు. ఆ వెధవ నోరు మూతపడుతుంది."

"మీకు కోపం రావట్లేదా?"

"ఎందుకు రాలేదూ? ఏడాదిపాటు బంతి ముట్టుకోలేదు. అన్నం ముందు కూర్చున్నా నువ్వు తల ఊపడమే కనిపించేది. తరవాత పిల్లలొచ్చారు, బడి వచ్చింది, అదే చల్లారిపోయింది."

అతను ఉలిక్కిపడ్డాడు. "అంటే, మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

మాస్టారు టేపు పంటితో తెంపి, కొస వేలికి అంటించి, బొటనవేలితో మెల్లగా అదిమాడు.

"నెట్ కింద చెయ్యి చాపావు చూడు, అప్పట్నుంచి. వేలు అప్పటికే కమిలి ఇంత లావు వాచిపోయింది. నొప్పెడుతుందనే కదా, గట్టిగా పట్టుకోలేదు."