ఏ పక్క నీళ్లు ఆ పక్కకే

ముప్పై ఏళ్లుగా మోటారు పడవలు బాగుచేస్తున్న అత్తగారు, అల్లుడి తెరచాప పడవలో పైపులు చూసి మూతి విరిచింది. కూర్చునే చోట పడ్డ నీళ్లు సముద్రంలోకి పోవడానికి రెండు పైపులు. కుడివైపుది ఎడమకీ, ఎడమవైపుది కుడికీ తిప్పి బిగించాడు.

“ఇదేం పని బాబూ, దారం చిక్కుపడ్డట్టు? ఏ పక్క నీళ్లు ఆ పక్కకే పోవాలని చంటిపిల్లకి కూడా తెలుసు.”

అల్లుడు సరేనని గంటలో రెండూ తిన్నగా వేశాడు. ఈ తలాడించే గంగిరెద్దును కూతురు ఏం చూసి కట్టుకుందో ఆమెకు ఇప్పటికీ అర్థం కాదు. తాను దిద్దిన పని చూసుకోవాలని ఆమె కూడా పడవెక్కింది.

ఒడ్డు దాటగానే గాలికి పడవ ఒక పక్కకు బాగా ఒరిగింది. మోటారు పడవలు ఇలా ఒరగవు. మునిగిన పక్క పైపులోంచి సముద్రం ఎదురుతన్ని ఆమె చీలమండల దాకా వచ్చింది. మునుపటిలా అడ్డంగా ఉంటే ఆ పైపు పై చివర పైకి లేచిన పక్కన ఉండేది, నీళ్లు అంత ఎత్తు ఎక్కేవి కావు. అల్లుడు గుడ్డ ఉండచుట్టి రంధ్రంలో కుక్కి, తెరచాప దించాడు.

“ఇలా అవుతుందని నీకు ముందే తెలుసా?”

“తెలుసు అత్తయ్యా.”

“మరి నేను చెప్తే ఎందుకు మార్చావు?”

“మీరు ఇంటికెళ్లాక మళ్లీ తిప్పి వేసుకుందామనుకున్నాను. ఆరేళ్లుగా మీరు చెప్పిన ప్రతిదానికీ ఇదే చేస్తున్నాను. ఇవాళే మీరు వెళ్లలేదు.”