లీటరు పందెం

కార్బ్యురేటర్‌ను చెవితోనే సరిచేయాలని పాత మెకానిక్కుల నమ్మకం. పెట్రోలూ గాలీ సరైన పాళ్లలో కలిసిందీ లేనిదీ ఇంజను శబ్దమే చెబుతుందంటారు.

సౌదీలో, అల్ ఖోబర్‌లోని ఒక వర్క్‌షాపు ఇన్‌చార్జి ప్రభాకర్‌కు ఈ నమ్మకం గిట్టదు. పొగను పరీక్షించి, ఆ పాళ్లను అంకెల్లో చూపే యంత్రాన్ని పట్టుబట్టి కొనిపించినవాడు అతడే. కానీ వాళ్లకు వీసాలిచ్చిన యజమాని, కఫీల్ అబూ నాసర్ తన 1931 నాటి కారు కోసం రాబిగ్ ఊరి నుంచి పాత పద్ధతిలో పనిచేసే కొత్త మెకానిక్కును రప్పించాడు. పేరు గులాం మొహిద్దీన్, ఊరు రాయచోటి. కారు లీటరుకు నాలుగు కిలోమీటర్లు కూడా ఇవ్వడం లేదు.

"నాకు రెండూ ఎందుకు? తేల్చుకోండి" అన్నాడు కఫీల్. యంత్రం గెలిస్తే మొహిద్దీన్‌కు ఎగ్జిట్, అంటే ఇంటిదారి. మొహిద్దీన్ గెలిస్తే యంత్రం అమ్మకానికి, అతడి నివాసపత్రం ఇఖామా రెన్యువల్‌కు.

ట్యాంకు గొట్టం విప్పి, కొలిచి పోసిన లీటరు పెట్రోలు సీసాను కార్బ్యురేటర్‌కు తగిలించారు. రెండుసార్లూ ఒకటే రోడ్డు, ఒకడే డ్రైవరు. ఆ డ్రైవరు తనవాడే కావాలని ప్రభాకర్ రమేష్‌ను కూర్చోబెట్టాడు.

యంత్రం సరిచేసిన కారు ఐదు కిలోమీటర్ల ఎనిమిది వందల మీటర్లు నడిచి ఆగింది.

మరలన్నీ మొదటి స్థితికి తిప్పి మొహిద్దీన్‌కు అప్పగించారు. అతడు ఎడమచేత్తో పొడవాటి స్క్రూడ్రైవరు కొనను కార్బ్యురేటర్‌కు, పిడిని చెవి వెనక ఎముకకు ఆనించాడు. కళ్లు మూసుకుని, కుడిచేత్తో మర తిప్పసాగాడు.

"ఏం భాయ్, ఏమంటున్నది ఇంజను? అత్తగారింటి ముచ్చట్లు చెప్తున్నదా?" అన్నాడు ప్రభాకర్ వెనకనుంచి.

మొహిద్దీన్ మర తిప్పుతూనే ఉన్నాడు. ఎంత పొగరు అనుకున్నాడు ప్రభాకర్. పక్కనే ఆగి ఉన్న లారీ ఎక్కి, హారన్ మీద అరచెయ్యి పెట్టి అరనిమిషం తియ్యలేదు.

కఫీల్ చెవులు మూసుకున్నాడు. రేకులమీది పావురాలు లేచిపోయాయి. మొహిద్దీన్ కనురెప్ప కదల్లేదు.

"గంత మోత ఎందుకు సార్?" అన్నాడు రమేష్.

"హారన్ చెక్ చేస్తున్న. మంచిగనే ఉన్నది."

కారు ఈసారి ఏడు కిలోమీటర్ల వంద మీటర్లు నడిచింది. కఫీల్ "ఖలాస్" అన్నాడు.

ఓడినా ప్రభాకర్ మర్యాద తెలిసినవాడు. ఎదురుగా వచ్చి చెయ్యి కలిపాడు.

"అంత మోతల ఎట్ల పట్టినవ్ భాయ్?"

మొహిద్దీన్ అలవాటు ప్రకారం అతడి మొహంలోకి తదేకంగా చూశాడు.

"మోత సంగతి నాకు తెల్దు సార్. నేను పని మీదుంటి."

మరునాడు ఇఖామా రెన్యువల్ కాగితాలు నింపడం ప్రభాకర్ వంతయింది. వాటికి జతచేసిన వైద్య పరీక్ష నివేదికలో ఇలా ఉంది: "పదకొండేళ్లుగా రెండు చెవులకూ వినికిడి బొత్తిగా లేదు."